నలభై పాయల జడ

నమస్తే. క్వయర్ అంటే చర్చిలో కలిసి పాడే గాయకుల గుంపు. ఆ క్వయర్ సంగీతం గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న వస్తుంది: "అందరూ కలిసి ఒకే పాట పాడటమేగా, అందులో ఏముంది?" ఈ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. అందరూ ఒకే వరస పాడితే అది బృందగానం. నేను చెప్పేది జడ.

మూడు పాయలు తీసుకోండి. ఏ పాయ దారి దానిదే. పైకొస్తుంది, కిందికి పోతుంది, మళ్ళీ తేలుతుంది. ఒక్కటి వదిలేస్తే అల్లిక ఊడిపోతుంది. యూరప్ చర్చి సంగీతంలో గొంతులు అల్లుకునేది ఇలాగే.

ఇక నాకు ప్రాణమైన పాట. ఇంగ్లండ్‌లో థామస్ టాలిస్ 1570 ప్రాంతంలో కట్టిన 'స్పెమ్ ఇన్ ఏలియమ్'. ఇక్కడ పాయలు నలభై! ఐదేసి గొంతుల క్వయర్లు ఎనిమిది. "నిన్ను తప్ప ఎవరినీ నమ్ముకోలేదు" అని ఇశ్రాయేలు దేవుడితో లాటిన్‌లో మొర.

మొదట ఒక్క గొంతు. వెనకే ఇంకోటి అదే పలుకు అందుకుంటుంది, దాని వెనక మరోటి. అలా మొదటి క్వయర్ నుంచి ఎనిమిదో క్వయర్ దాకా పాట పాకుతుంది. కర్ణాటక సంగీతం మన చెవికి ఒక్క పాయ వెంటే లోతుగా వెళ్ళడం నేర్పింది. అందుకే మొదటిసారి ఇది గోలగా అనిపిస్తుంది. మొత్తం పట్టుకోవాలని చూడకండి. ఒక్క గొంతు వెంట వెళ్ళండి, మిగతావి దాని చుట్టూ వాటంతటవే అల్లుకుంటాయి.

చివర్లో అన్ని గొంతులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. నిశ్శబ్దం. వెంటనే నలభై గొంతులూ కలిసి "రెస్పిచే" అంటాయి, అంటే "చూడు" అని. పది నిమిషాల అల్లికకు అక్కడ ముడి పడుతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది.

టైమ్ అయిపోతోంది, ఇలాంటివే ఇంకో రెండు పాటల గురించి గబగబా చెప్పేస్తా. మొదటిది ఇటలీ స్వరకర్త అల్లెగ్రి 'మిజెరెరె', వాటికన్‌లో పోప్ ప్రార్థనా మందిరమైన సిస్టైన్ చాపెల్ కోసం కట్టిన బైబిల్ 51వ కీర్తన. ఐదు గొంతుల జడ ఒకటి, నాలుగు గొంతులది ఒకటి. రెండూ చివరి చరణంలోనే కలుస్తాయి. 1770లో పద్నాలుగేళ్ళ మొజార్ట్ దీన్ని రోమ్‌లో విని, గుర్తుపెట్టుకుని రాసేశాడని వాళ్ళ నాన్న ఉత్తరంలో ఉంది.

రెండోది రష్యా నుంచి, స్వరకర్త రాఖ్‌మనినోవ్ 1915 నాటి 'ఆల్-నైట్ విజిల్', అంటే రాత్రంతా జాగారం చేసే ప్రార్థన. వాద్యాలే లేవు. ఐదో పాట చివర్లో బేస్ గొంతులు, అంటే అన్నిటికన్నా కింది స్థాయి మగ గొంతులు, మెట్టు మెట్టుగా పాతాళానికి దిగుతాయి. ఫోన్ స్పీకర్‌లో ఆ స్వరం సరిగ్గా వినపడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.