ఇంగ్లండ్ అలాట్‌మెంట్‌లో మొదటి ఏడాది: పావు వంతుతో మొదలుపెట్టండి

[దృశ్యం: ఫిబ్రవరి. మోకాలెత్తు ఎండుగడ్డి, ముళ్లపొదలు, వెనకాల తలుపు ఊడిన షెడ్డు.]

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో నా చేతికొచ్చినప్పుడు ఈ నేల ఇలా ఉంది. బర్మింగ్‌హామ్‌లో, మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఇప్పుడు అక్టోబర్. ఈ ఎనిమిది నెలల్లో నాకు తెలిసొచ్చినవన్నీ, ఇక్కడ మనవాళ్లు ఎవరైనా మొదటిసారి అలాట్‌మెంట్ తీసుకుంటుంటే పనికొస్తాయని చెబుతున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను: మొదటి ఏడాది మొత్తం నేల మీద పడకండి, పావు వంతు చాలు.

అలాట్‌మెంట్ అంటే కూరగాయలు పండించుకోవడానికి మనిషికింత అని అద్దెకిచ్చే నేల. ఎక్కువగా కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, ఇస్తుంది, ఏడాదికోసారి అద్దె కడతాం. ఇదేదో కొత్త సరదా కాదు, 1908 నాటి చట్టం ఉంది దీనికి. మీ ప్రాంతంలో అలాట్‌మెంట్లు లేకపోతే, ఓటు హక్కున్న ఆరుగురు కలిసి రాసిచ్చినా కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలని అందులోనే ఉంది. వెయిటింగ్ లిస్టు మాత్రం చాలాచోట్ల పెద్దది, అందుకే కుదిరితే రెండు మూడు చోట్ల పేరు రాయించుకోండి.

ఇక కొలత. పూర్తి ప్లాట్ అంటే ఇక్కడి పాత లెక్కలో పది రాడ్లు, దాదాపు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో చెబితే 302 గజాలు, సరిగ్గా రెండున్నర గుంటలు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేంత స్థలం అన్నమాట! దాన్ని ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో, అది కూడా వాన పడని శని ఆదివారాల్లో, ఒక్క మనిషి పారతో తవ్వి బాగుచేయడం ఎంత పనో మార్చి మొదటి వారానికే నాకు అర్థమైంది. సగం ప్లాట్ ఇస్తామంటే సంతోషంగా అదే తీసుకోండి.

[దృశ్యం: చేతిలో తెల్లటి వేర్ల ముద్ద.]

ఈ వేర్లు చూడండి. ఒకటి మన గరికలాంటి గడ్డి, కౌచ్ గ్రాస్ అంటారు. ఇంకొకటి బైండ్‌వీడ్, దేన్ని పడితే దాన్ని చుట్టుకునే తీగ. వీటి వేరు అంగుళం ముక్క మిగిలినా మళ్లీ మొక్క లేస్తుంది, అందుకే కలుపున్న నేలని మిషన్‌తో దున్నిస్తే ఒక్క మొక్క వంద మొక్కలవుతుంది. దున్నించొద్దు. నేనేం చేశానంటే, ముప్పావు వంతు నేల మీద వెలుతురు పోని నల్ల షీటు పరిచి, గాలికి ఎగరకుండా ఇటుకలు పెట్టి వదిలేశాను. మిగిలిన పావులో నాలుగు మడులు చేశాను, ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. వెడల్పు అంతకు మించితే మధ్యలోకి చెయ్యి అందక మట్టి తొక్కాల్సొస్తుంది. గడ్డి కోసేసి, టేపులు పీకేసిన అట్టపెట్టెలు పరిచి, తడిపి, పైన నాలుగంగుళాల కంపోస్ట్ వేయాలి. ఒక్క మడికే 50 లీటర్ల బస్తాలు ఏడెనిమిది పట్టాయి, ఇప్పుడు చెప్పండి, మొత్తం ప్లాట్‌కి ఎన్ని కావాలో! బైండ్‌వీడ్ అట్టల్లోంచి కూడా వస్తుంది, కనిపించినప్పుడల్లా పీకుతూ ఉండాలి, దానికి దగ్గరిదారి లేదు.

ఎప్పుడు ఏం నాటాలి అన్నదాంట్లో మనం ఎక్కువగా తప్పుతాం. రోహిణి కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయి అని విని పెరిగినవాళ్లం కదా, మే నెల అంటే మన ఒంటికి వేడి అనే గుర్తు. ఇక్కడ మే మూడో వారంలో కూడా ఒక్కో రాత్రి మంచు పడి, లేత మొక్కలు తెల్లారేసరికి నల్లబడి పడిపోతాయి. నేను ఏప్రిల్ చివర్లో ఎండ చూసి గోంగూర గింజలు నేరుగా నేలలో చల్లాను, ఒక్కటి మొలవలేదు, చల్లటి తడి మట్టిలో కుళ్లిపోయాయి. అందుకని నేను గుర్తుపెట్టుకునే లెక్క ఇది: చలికి తట్టుకోనివేవైనా, అంటే టమాటా, బీన్స్, గుమ్మడి జాతి, తోటకూర, మృగశిర కార్తె వచ్చేసరికి నేలలో ఉంటే చాలు. జూన్ మొదటి వారం. అక్కడ తొలకరి, ఇక్కడ మంచు భయం పోయే రోజులు. అప్పటిదాకా నారు కిటికీ దగ్గరే ఉండనివ్వండి.

కొన్ని మాత్రం ముందే నేలలో పెట్టొచ్చు. మొదటి ఏడాది అందరూ పెట్టాల్సింది బంగాళాదుంప, అందులోనూ ఫస్ట్ ఎర్లీ రకాలు, అంటే అన్నిటికంటే త్వరగా చేతికొచ్చేవి. ఫిబ్రవరిలో విత్తన దుంపల్ని గుడ్ల అట్టల్లో, కన్నులు పైకి ఉండేలా, వెలుతురులో పెడితే పొట్టి మొలకలొస్తాయి. మార్చి చివర్లో నాటి, మొక్క పెరిగేకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోయాలి, లేకపోతే వెలుతురు తగిలిన దుంపలు పచ్చబడి తినడానికి పనికిరావు. పది పన్నెండు వారాల్లో తవ్వుకోవచ్చు. ఎర్లీ రకమే ఎందుకంటే, జూలై ఆగస్టుల్లో వెచ్చటి తడి రోజులొస్తే బ్లైట్ అనే తెగులు వస్తుంది, 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసి మహా కరువు తెచ్చింది ఇదే. అది వచ్చేసరికి మన దుంపలు వంటింట్లో ఉంటాయి. జూన్ చివర్లో మొదటి మొక్క పెకలించి, ఆ సాయంత్రమే వేపుడు చేశాను. ఆ రుచి గురించి చెప్పమంటే చెప్పలేను, మీరు పండించుకోవాల్సిందే.

[దృశ్యం: కొత్తిమీర పూత, పక్కనే మెంతికూర.]

ఆకుకూరలకి వద్దాం, మనవాళ్లందరూ అడిగేది ఇదే. మెంతికూర చాలా సులువు, వంటింటి డబ్బాలోని మెంతులే చల్లినా నెల రోజుల్లో కోసుకోవచ్చు. తోటకూర జూన్ నుంచి బ్రహ్మాండంగా వస్తుంది. చుక్కకూరకి ఇక్కడ దగ్గర బంధువు ఉంది, సారెల్ అంటారు, పుల్లగా ఉంటుంది, ఒక్కసారి నాటితే ఏళ్లతరబడి ఉంటుంది, పప్పులో వేస్తే తేడా పెద్దగా తెలియదు. కొత్తిమీర మాత్రం జూన్‌లో చల్లకండి. ఇక్కడ అప్పుడు పగలు పదహారు గంటలకు పైనే, ఆ పొడుగు పగళ్లకి కొత్తిమీర ఆకు వేయడం మానేసి పూతకి పోతుంది. ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చల్లండి. గోంగూరకి కావాల్సింది వెచ్చదనం. రెండోసారి కిటికీ దగ్గర నారు పోసి, జూన్‌లో గ్రీన్‌హౌస్‌లో నాటాను, సెప్టెంబర్ దాకా ఆకు కోశాను. ఇంకో మాట, ఊరి నుంచి వచ్చేవాళ్లు సూట్‌కేసులో నాటడానికి విత్తనాలు తెస్తామంటారు, వద్దని చెప్పండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేకూడదు. తోటకూర, మెంతి, కొత్తిమీర విత్తనాలు ఇక్కడి కంపెనీలే అమ్ముతున్నాయి.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టిన విషయం. మే నెలలో ఒకచోట గుర్రపు లద్దె ఉచితంగా ఇస్తున్నారంటే, బాగా చివికిందే కదా అని తెచ్చి టమాటా మడిలో కలిపాను. జూన్ చివరికి లేత ఆకులన్నీ ముడుచుకుపోయి, చివర్లు మెలితిరిగి, చూడటానికి ఫెర్న్ ఆకుల్లా అయ్యాయి. పక్క ప్లాట్‌లో ముప్పై ఏళ్లుగా పండిస్తున్న పెద్దాయన చూడగానే చెప్పారు, ఇది తెగులు కాదు, మందు అని. అమినోపైరాలిడ్ అనే కలుపుమందు ఉంది, పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపు చావడానికి కొడతారు. గడ్డికి ఏమీ కాదు, ఆ గడ్డి తిన్న గుర్రానికీ ఏమీ కాదు, మందు మాత్రం లద్దెలోకి అలాగే వచ్చేస్తుంది, టమాటా, బీన్స్, బంగాళాదుంప లాంటి వాటిని అతి కొద్దిగా ఉన్నా దెబ్బతీస్తుంది. 2008లో దేశమంతా ఇలా ఎంతోమంది తోటలు పాడైతే దాని అమ్మకం కొంతకాలం ఆపేశారు, తర్వాత షరతులతో మళ్లీ అనుమతించారు. ఇచ్చినవాళ్లకే తెలియకపోవచ్చు, గడ్డి ఎక్కడిదో వాళ్లూ అడిగి ఉండరు. కానీ పది మొక్కలు, నాలుగు నెలల పెంపకం పోయాయి. కాబట్టి ఎవరిచ్చినా సరే, ముందు పరీక్ష చేయండి: రెండు కుండీల్లో ఆ ఎరువు కలిపిన కంపోస్ట్, రెండింట్లో మామూలు కంపోస్ట్ వేసి, అన్నిట్లో బ్రాడ్ బీన్ గింజలు పెట్టండి. మూడు నాలుగు వారాల్లో ఎరువు కుండీల్లో ఆకులు దొప్పల్లా ముడుచుకుంటే ఆ ఎరువు వాడొద్దు.

స్లగ్గుల సంగతి త్వరగా చెప్పేస్తాను. గుల్ల లేని నత్తలివి, ఒక్క రాత్రిలో బీన్స్ నారంతా తినేస్తాయి. గింజలు నేలలో కాకుండా కుండీల్లో పెట్టి, జానెడు ఎత్తు పెరిగాక నాటండి. వాన పడిన రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి ఏరేయండి. స్లగ్గుల్ని చంపే మెటాల్డిహైడ్ మందున్న పాత నీలం గుళికలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి, 2022 వసంతం నుంచి బయట వాడటం నిషేధం.

రన్నర్ బీన్స్‌కి ఎనిమిదడుగుల కర్రలు పాతండి, కాయ లేతగా ఉన్నప్పుడే రెండు రోజులకోసారి కోయండి, చిక్కుడుకాయలా వండుకోవచ్చు, పచ్చిగా తినకూడదు. కోర్జెట్, అంటే గుమ్మడి జాతిలో లేతగా కోసుకునే కాయ, రెండు మొక్కలు చాలు, నిజంగా రెండే, బీరకాయ చేసినట్టు పప్పు, పచ్చడి అన్నీ చేసుకోవచ్చు.

[దృశ్యం: నల్ల షీటు ఒక అంచు ఎత్తుతూ.]

ఇదిగో, ఎనిమిది నెలలు కప్పి ఉంచిన నేల. గడ్డంతా చచ్చింది, వానపాములు కనిపిస్తున్నాయి. ఇవాళ ఇంకో రెండు మడులు చేసి వెల్లుల్లి పెడుతున్నాను, ఎందుకంటే కొన్ని వారాల చలి తగిలితేనే గడ్డ రెబ్బలుగా విడుతుంది. మొన కొస పైకి ఉండేలా, రెబ్బకీ రెబ్బకీ ఆరంగుళాలు, వేళ్లు దిగేదాకా పక్షులు పీకేస్తాయి కాబట్టి పైన వల.