సగంలో ఆగిన కుట్టుపని ఎక్కడ ఆగిందో ముందు చూద్దాం

[దృశ్యం: మంచం నిండా పరిచిన బట్టలు. కెమెరా ఒక్కొక్కదాని మీదుగా నెమ్మదిగా కదలాలి.]

నమస్కారం. ఈ మంచం మీద ఉన్నవన్నీ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవే. ఇది చేతులు ఎక్కించని మంగళగిరి కాటన్ జాకెట్టు. ఇది హుక్కులు లేని మరో జాకెట్టు. పెడన కలంకారీ గుడ్డతో సంచి కుడదామనుకుంటే ఇదిగో, రెండు ముక్కలుగా మిగిలింది. పాత చీరల బొంత ఒక పక్క మాత్రమే కుట్టి ఉంది. అడుగున ఉన్న గుడ్డల మీద ఇంకా కత్తెరే పడలేదు.

కుట్టు మిషను ఉన్న ఏ ఇంట్లోనైనా, విజయవాడ భవానీపురమైనా గుంటూరు బ్రాడీపేటైనా, బీరువా కింది అరలో ఇలాంటి మూట ఒకటి ఉంటుంది. ఎందుకు ఆగిందమ్మా అని అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: తీరిక లేదు.

ఈ సమాధానం నాకు పూర్తిగా రుచించదు. ఆ హుక్కుల జాకెట్టుకు మిగిలింది అరగంట పని. వారాల తరబడి అరగంట దొరకని ఇల్లు ఉంటుందా? అసలు చిక్కు వేరే చోట ఉంది.

[దృశ్యం: దర్జీ దుకాణం. బల్ల దగ్గర కటింగ్ మాస్టరు చేతులు, వెనక మిషన్లు.]

దర్జీ దుకాణంలో పని ఎలా నడుస్తుందో గమనించండి. కటింగ్ మాస్టరు బల్ల దగ్గర నిలబడి వరసగా కత్తిరిస్తూనే ఉంటాడు. మిషను మీద కూర్చున్నవారు కుడుతూనే ఉంటారు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు పని చాలాచోట్ల దుకాణంలో జరగనే జరగదు. కట్ట కట్టి చుట్టుపక్కల ఇళ్లలోని ఆడవారికి ఇస్తారు, జాకెట్టుకు ఇంత అని లెక్క. శ్రావణమాసం ముందు అన్ని జాకెట్లు బయటికి రావడానికి కారణం ఈ పంపకమే.

ఇంట్లో మాత్రం ముగ్గురి పనీ ఒక్కరిదే. పైగా ఒక జాకెట్టు మొదలుపెడితే దాన్నే పట్టుకుని చివరిదాకా లాగాలని చూస్తాం. కత్తిరింపుకు ఖాళీ నేల కావాలి. మిషనుకు వెలుతురు, కదలకుండా కూర్చునే గంట కావాలి. చేతికుట్టుకు ఒక సూది, ఒక మూల చాలు. ఒక్క మధ్యాహ్నంలో ఈ మూడూ కలిసి రావు. పని ఒక రకం నుంచి మరో రకానికి మారే చోటే గుడ్డ మడతపడి అరలోకి పోతుంది. ఈ మంచం మీదవి చూడండి, దాదాపు అన్నీ అలాంటి మలుపుల్లోనే ఆగాయి.

[దృశ్యం: ఒక్కో బట్టకు గుండుసూదితో చీటీ గుచ్చుతున్న చేతులు. చీటీ మీది అక్షరాలు దగ్గరగా.]

కాబట్టి మిషను మూత తీయకముందే చేయాల్సిన పని చీటీలు రాయడం. ప్రతి బట్టకూ ఒక చీటీ, చీటీలో ఒక్క వాక్యం. "జాకెట్టు పూర్తి చేయాలి" అని రాస్తే ఉపయోగం లేదు, ఆ సంగతి జాకెట్టును చూస్తేనే తెలుస్తుంది. చేయి ఏం చేయాలో రాయాలి: "ఎడమ చేయికి టాకా వేయాలి" (టాకా అంటే ముక్కలు కదలకుండా తాత్కాలికంగా వేసే పెద్ద కుట్టు), "కలంకారీ సంచికి పిడి పొడవు కొలవాలి", "లైనింగు తడపాలి". ఈ వాక్యం పని ఆపి లేచేటప్పుడే రాయాలి. అప్పటికి మీకు అన్నీ గుర్తుంటాయి. పది రోజులు పోయాక అదే బట్ట చేతికి తీసుకుంటే, ఏది ముందు వైపో ఏది వెనక వైపో తేల్చుకోవడానికే ఓపిక అయిపోతుంది.

చేతులు ఎక్కించని ఈ మంగళగిరి జాకెట్టు కథ సరిగ్గా అదే. చేతి ముక్కలో ముందు వైపు చంక వంపు కాస్త లోతుగా ఉంటుంది, వెనక వైపు తక్కువ. కత్తిరించిన రోజు తేడా కంటికి కనిపిస్తుంది. మడతలు పడి నలిగాక రెండూ ఒకేలా ఉంటాయి. అటుదిటు ఎక్కిస్తే చేయి పైకెత్తినప్పుడల్లా లాగుతుంది. అందుకని కత్తిరించగానే సుద్దముక్కతో ముందు వైపున "ము" అని రాయండి. చేతి పైభాగం నడిమధ్యన చిన్న గాటు పెట్టండి. ఆ గాటు భుజం కుట్టుకు కలిస్తే తక్కిన చుట్టు దానంతటదే సర్దుకుంటుంది.

[దృశ్యం: తెల్లవారుజాము. నేల మీద పరిచిన గుడ్డ, ఆగిన ఫ్యాను.]

ఇప్పుడు కత్తిరింపు. మన ఊళ్లో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోలేం. ఫ్యాను వేస్తే కాగితం నమూనా ఒక దిక్కు, పలచటి లైనింగు ఒక దిక్కు ఎగురుతాయి. కత్తిరింపు పనంతా తెల్లవారుజాముకు పెట్టుకోమనేది అందుకే. ఇల్లు ఊడ్చాక, నేల ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరూ అటూ ఇటూ తిరగకముందు. ఒక్క జాకెట్టుతో ఆపకండి. ఎలాగూ నేల దొరికింది కాబట్టి మూడు నాలుగు బట్టలు ఒకే విడతలో కత్తిరించి, ఏ ముక్కలకు ఆ ముక్కలు కట్టి, చీటీ గుచ్చి పక్కన పెట్టండి.

అయితే అంతకు ముందు రోజే గుడ్డ తడిసి ఆరి ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. మగ్గం మీద నూలును బిగించి నేస్తారు. మొదటిసారి నీళ్లలో పడగానే ఆ బిగువు సడలి గుడ్డ కుదించుకుంటుంది. నూలు గుడ్డ మీటరుకు 3 నుంచి 5 సెంటీమీటర్ల దాకా తగ్గడం మామూలే. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలతో కుట్టిన జాకెట్టులో 4 శాతం పోతే దాదాపు అంగుళంన్నర పోయినట్టు. ఇక పై గుడ్డ ఒక లెక్కన, లైనింగు మరో లెక్కన తగ్గితే కుట్ల పొడవునా ముడతలు పడతాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. చీర ఫాల్ సంగతీ అంతే. తడపకుండా కుట్టిన ఫాల్ మొదటి ఉతుకులోనే చీర అంచును పైకి లాగేస్తుంది. సాయంత్రం బకెట్లో నానబెట్టి, గట్టిగా పిండకుండా నీడన ఆరేసి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేసుకోండి. కలంకారీని మాత్రం విడిగా నానబెట్టండి, ఎండ తగలనీయకండి. అసలైన చెట్ల రంగులు తీవ్రమైన ఎండకు వెలిసిపోతాయి.

[దృశ్యం: కుట్టు మిషను దగ్గరగా. గుడ్డ తిప్పి చూపితే కింది వైపున దారం ఉచ్చులు.]

మిషను దగ్గర ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. పైన కుట్టు చక్కగా ఉంటుంది, గుడ్డ తిప్పితే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది. ఉచ్చులు కింద ఉన్నాయి కదా అని కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను అనుమానిస్తాం. బాబిన్ కేసు మరను అటు తిప్పి, ఇటు తిప్పి, ఉన్నదీ పాడు చేసుకుంటాం. నిజానికి ఆ దారం పైదే. పై దారాన్ని బిగించి పట్టేవి రెండు గుండ్రటి బిళ్లలు. గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం కిందికి దించి ఉంటే ఆ బిళ్లలు మూసుకుని ఉంటాయి, పైకెత్తితే తెరుచుకుంటాయి. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్లల మధ్యకు పోకుండా బయటే తిరుగుతుంది. పట్టి ఆపేది లేక కిందికి జారిపోతూ ఉంటుంది. పాదం పైకెత్తి దారం మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఉచ్చులు గుడ్డ పై వైపున కనిపిస్తే అప్పుడు బాబిన్‌ను అనుమానించవచ్చు.

అలా పోకపోతే సూది మార్చండి. సూది విరిగేదాకా వాడటం మన ఇళ్లలో ఆచారం. మొన మొద్దుబారిన సూది గుడ్డను గుచ్చదు, తోస్తుంది. కుట్లు తప్పుతాయి, పట్టు మీద పోగులు లేస్తాయి. మామూలు కాటన్‌కు 14 నంబరు, పలచటి పట్టుకు, జార్జెట్‌కు 11, జీన్స్ లాంటి మందపాటి గుడ్డకు 16. కొత్త సూది పెట్టాక అదే గుడ్డ ముక్కను, అన్నే పొరలు మడిచి, ఒక జానెడు కుట్టి చూసి అప్పుడు అసలు బట్ట పెట్టండి.

మిషను మీద కూర్చున్న రోజు కత్తెర జోలికి వెళ్లకండి. కట్టలు కట్టి ఉన్నవాటిలో భుజాల కుట్లన్నీ ఒక వరసలో, పక్కల కుట్లన్నీ ఒక వరసలో వేసుకుంటూ పొండి. ఒకే రంగు దారంతో అయ్యేవన్నీ ముందు. మాటిమాటికీ దారం మార్చడంలో పోయే కాలం తక్కువేమీ కాదు.

[దృశ్యం: టీవీ ముందు కూర్చుని హుక్కులు కుడుతున్న స్త్రీ. ఒడిలో పాత బిస్కెట్ల డబ్బా.]

చేతికుట్టు పనికి వేరే సమయం కేటాయించనక్కర్లేదు. హుక్కులు, సూది, దారం, చిన్న కత్తెర ఒక డబ్బాలో వేసి టీవీ పక్కన పెట్టండి. ఒక్క మాట: హుక్కులు పై నుంచి వరసగా కుట్టుకుంటూ రావద్దు. ఛాతీ బాగా నిండుగా ఉండే చోట ఒక హుక్కు తప్పకుండా పడాలి, లేకపోతే అక్కడే సందు విచ్చుకుంటుంది. ముందు దాన్ని, తర్వాత పైదాన్ని, అడుగుదాన్ని కుట్టి మిగిలినవి సమంగా పంచండి.

బొంతకైతే టాకా కుట్లు నడిమధ్య నుంచి అంచుల వైపు వేయాలి. అప్పుడు పొరల మధ్య ముడతలు బయటికి నెట్టుకుపోతాయి. అంచు నుంచి మొదలుపెడితే అవి మధ్యలో చిక్కుకుని గడ్డకడతాయి. టాకాలు పడ్డాక ఇక తొందరేమీ లేదు, ఎప్పుడు తీరితే అప్పుడు నాలుగు వరసలు.

[దృశ్యం: వన్‌టౌన్ ఇరుకు వీధులు, వస్త్రలత దుకాణాల్లో గుడ్డ తానులు.]

కొన్ని చీటీల మీద "కొనాలి" అని ఉంటుంది. లైనింగు, జిప్పు, పైపింగుకు గుడ్డ, సరిపోయే దారం. విజయవాడ వన్‌టౌన్‌కు వెళ్లి, బండి ఎక్కడో ఆపుకుని, అక్కడి బట్టల మార్కెట్టు వస్త్రలతలో తిరిగి రావడమంటే ఒక పూట పోయినట్టే. ఒక్క దారం ఉండ కోసం ఎవరూ వెళ్లరు, కనుక ఆ జాకెట్టు అరలోనే ఉంటుంది. "కొనాలి" చీటీలన్నీ ఒక అట్టముక్క మీదికి చేర్చండి. ప్రతి గుడ్డ నుంచి చిన్న పీలిక కత్తిరించి అట్టకు గుచ్చి, పక్కన ఎంత కావాలో రాయండి. ఫోనులో ఫొటో చూపించి రంగు కలపడం మాత్రం వద్దు, తెర మీద రంగు మారిపోతుంది. మంచి దుకాణదారైతే ఆయనే అంటాడు: "ట్యూబులైటు కింద చూడకండమ్మా, గుమ్మం బయటికి తీసుకెళ్లి చూడండి." రెండు దారాల మధ్య ఎటూ తేలకపోతే కాస్త ముదురుది తీసుకోండి. ఉండగా ఉన్నప్పటి కంటే ఒంటి పోగు గుడ్డ మీద లేతగా కనిపిస్తుంది.

[దృశ్యం: మళ్లీ మంచం. చివరగా ఒక చిన్న గౌను.]

ఇక ఈ గౌను. పాప రెండేళ్లప్పుడు మొదలైంది, ఆ పాప ఇప్పుడు బడికి వెళుతోంది. దీని మీద ఏ చీటీ రాసినా అబద్ధమే. ఇలాంటివి మూటలో ఉన్నంతకాలం మూట విప్పాలంటేనే విసుగు. బ్లేడుతో పక్కల కుట్లు విప్పండి. జిప్పు, గుండీలు డబ్బాలో వేసుకోండి. పెద్ద ముక్కలను ఇస్త్రీ చేసి ఆ కలంకారీ సంచికి లోపలి గుడ్డగా సరిపోతాయేమో కొలవండి. చిన్నవి బొంతలోకి.