బానెట్ కింద చిన్న కొక్కెం

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఆషాఢంలో మా పాత మారుతి 800 కారులో అనంతపురం నుంచి కర్నూలుకు బయల్దేరాను. పామిడి దాటాక ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి మా కారు బానెట్ నాలుగు వేళ్ల ఎత్తు లేచి, టక్కున ఆగింది. గుండె జారిపోయింది. సడన్ బ్రేక్ వేయకుండా వేగం తగ్గించుకుంటూ, ఎడమ పక్కకు తీసి ఆపాను.

దిగి చూస్తే అసలు లాక్ విడిపోయి ఉంది. దాని పక్కన వేలంత కొక్కెం ఒకటి ఉంటుంది చూడండి, బానెట్ ఎత్తేటప్పుడు వేలు పెట్టి పక్కకు జరుపుతామే, అదొక్కటే రేకును పట్టుకుని ఉంది. అది కూడా తుప్పు పట్టి వంగి ఉంటే బానెట్ వెనక్కి లేచి ముందు అద్దాన్ని కొట్టేది. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. హైవే మీద ఆ చిన్న కొక్కెం ఎంత బరువు మోస్తుందో ఆలోచించండి.

బానెట్‌ను తాడుతో కట్టుకుని, మెల్లగా గుత్తి చేరి ఒక షెడ్డు దగ్గర ఆపాను. కొత్త లాక్ వేయమన్నాను. ఆ పెద్దాయన టార్చి వేసి చూసి, "లాక్‌కేం కాలేదప్పా, దుమ్ము పట్టి బిగుసుకుపోయింది" అన్నాడు.

నిజమే. మన సీమ దుమ్ము పాత గ్రీజులో కలిస్తే ఎండిన బంకలా తయారవుతుంది. స్ప్రింగు లాగినా లాక్‌లో బానెట్‌ను పట్టుకునే నాలుక పూర్తిగా వెనక్కి రాదు. బానెట్ పడిన చప్పుడు వినిపిస్తుంది, మూసుకుందనుకుంటాం. సగమే పట్టుకుని ఉంటుంది.

ఇంజిను చల్లారాక ఆయన పాత బ్రష్షును కిరోసిన్‌లో ముంచి లాకంతా రుద్దాడు. నల్లటి మడ్డి కారింది. గుడ్డతో తుడిచి, ఆరాక, స్ప్రింగుకూ నాలుక తిరిగే చోటా కొత్త గ్రీజు కొంచెమే రాశాడు. తర్వాత చేసిన పనే నాకు బాగా నచ్చింది. బానెట్ ఎత్తి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో నాలుకను నొక్కి, క్లిక్‌మనేదాకా మూశాడు. "ఇప్పుడు లోపల లీవర్ లాగు" అన్నాడు. లాగాను. టప్పున తెరుచుకుంది. బానెట్ దించకముందే లాక్ పనిచేస్తుందో లేదో తెలిసిపోయింది. ఇది ఇంట్లో మీరూ చేయొచ్చు. అయితే నాలుక మూసి ఉండగా బానెట్ దించకండి, లాక్ వంగిపోతుంది.

లాక్ బాగున్నా బానెట్ కదులుతుంటే, బోల్టులు వదులు చేసి లాక్‌ను కొంచెం కిందికి జరపాలి. ముందు దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోండి. గీత లేకపోతే మొదట ఎక్కడుందో తెలియక తిప్పలు పడతారు.

లీవర్ లాగినా తెరుచుకోకపోతే బలంగా గుంజకండి, కేబుల్ తెగుతుంది. ఒకరు ముందు నిలబడి బానెట్‌ను అరచేతులతో కిందికి అదమాలి, ఇంకొకరు లోపల లీవర్ లాగాలి. లాక్ మీద బిగువు తగ్గి చాలాసార్లు వచ్చేస్తుంది. లీవర్ పిడి విరిగితే బయటికొచ్చిన తీగ కొసను కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగొచ్చు.

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే అన్నిటికన్నా కొత్త బండికి కూడా పదేళ్లు దాటాయి. అలాంటి కారున్న ప్రతి ఇంట్లో ఆ చిన్న కొక్కేన్ని ఒక్కసారి చూడాలని నా కోరిక. వేలితో జరిపి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ బండిని హైవే ఎక్కించకండి.

మా ఇంట్లో ఇప్పుడు నెలకో ఆదివారం ఈ పని ఉంటుంది. మా అమ్మాయి లోపల కూర్చుని లీవర్ లాగుతుంది. నేను ముందు నిలబడి క్లిక్ వింటాను. "వచ్చిందా నాన్నా?" అని అడుగుతుంది. వచ్చిందని చెప్పి బానెట్ మూసి, అంచు పట్టుకుని రెండుసార్లు పైకి లాగి చూసుకుంటాను.

సెలవు. నమస్కారం.