అమూల్ పాప కన్నా ముందు పాల లెక్క

నమస్కారం అండి. బ్రాండ్ గురించి మాట్లాడితే చాలు, లోగో ఎవరు గీశారు, ట్యాగ్‌లైన్ ఎవరు రాశారు అనే దగ్గరే మొదలుపెడతాం. ఇవాళ అమూల్‌ని తీసుకుని పాల దగ్గర మొదలుపెడదాం. వెన్న ప్రకటనల్లో గుడ్డ బొమ్మలా కనిపించే ఆ పాప దగ్గరికి తర్వాత వద్దాం. ఆ పాప వచ్చేనాటికి అసలు పని ఇరవై ఏళ్లుగా నడుస్తోంది మరి.

1946. గుజరాత్‌లోని ఖేడా జిల్లా. అక్కడి పాలు బొంబాయికి పోల్సన్ అనే కంపెనీ ద్వారా వెళ్లేవి. రేటు వాళ్లు చెప్పిందే. రైతులు పాలు పోయడం ఆపేసి, సొంతంగా సహకార యూనియన్ పెట్టుకున్నారు. తర్వాత అమూల్ పేరుతో అమ్మింది ఈ యూనియనే. దానికి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్. 1949లో ఆనంద్ ఊరికి వచ్చిన ఇంజినీర్ వర్గీస్ కురియన్ తర్వాత అందులో చేరారు. ఆ యూనియన్ సభ్యుడికి ఇచ్చిన మాట ఒకటే: నువ్వు తెచ్చిన పాలు మేం తీసుకుంటాం. పొద్దునా, సాయంత్రం, ఏడాది పొడవునా.

వినడానికి చిన్న మాటే. చలికాలంలో చూడాలి దాని బరువు. అప్పుడు గేదెలు ఎక్కువ పాలిస్తాయి, బొంబాయిలో తాగేవాళ్లు మాత్రం పెరగరు. మామూలు వ్యాపారి అయితే "ఇవాళ వద్దులే" అంటాడు. వీళ్లు అనలేరు. అందుకే మిగిలిన పాలని వెన్న, పొడి చేసే ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. గేదె పాలలో కొవ్వు ఎక్కువ, దాన్ని పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. యూనియన్‌లోని పాల సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. ఏం తయారు చేయాలో మార్కెట్ సర్వే చెప్పలేదండీ, రైతుకిచ్చిన మాట చెప్పింది. విజన్ అంటే నా దృష్టిలో అదే.

ఇప్పుడు వెన్న సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి. పోల్సన్ వెన్న పులిసిన మీగడతో చేసేది, ఉప్పు వేసేది, పసుపు రంగులో ఉండేది. జనం నాలుకకి అదే అలవాటు. అమూల్ తాజా మీగడతో చేసింది. గేదె పాలలో పసుపు రంగు ఇచ్చే కెరోటిన్ దాదాపు ఉండదు కాబట్టి వెన్న తెల్లగా వచ్చింది. కొన్నవాళ్లకి చప్పగా అనిపించింది. "మాది స్వచ్ఛమైనది, మీకే తెలియట్లేదు" అని ప్రకటనలు ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఉప్పు కలిపారు, రంగు కలిపారు. రుచి విషయంలో కొనేవాళ్ల మాట విన్నారు, పాలు వెనక్కి పంపే విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. చాలామంది ఈ రెండూ తారుమారు చేస్తారు. రుచి దగ్గర పట్టుదలకి పోతారు, మాట దగ్గర సర్దుకుపోతారు.

సరే, పాప. 1966లో ఈ ప్రచారం మొదలుపెట్టింది యాడ్ ఏజెన్సీ నుంచి సిల్వెస్టర్ డకున్హా, బొమ్మ గీసింది యూస్టేస్ ఫెర్నాండెజ్. నీలం జుట్టు, తెల్ల గౌను మీద ఎర్ర చుక్కలు. గమనించారో లేదో, ఆ పాపకి ముక్కు ఉండదు. తక్కువ గీతలు కాబట్టి హోర్డింగ్ పెయింటర్ చేత్తో గీసినా పోలిక చెడేది కాదు. దూరం నుంచి, బస్సులోంచి చూసినా గుర్తుపట్టొచ్చు. బొమ్మ మారదు, మారేది ఆ వారం వార్త మీద వేసే చమత్కారం ఒక్కటే. ప్రతి హోర్డింగూ తనకి చూపించి అనుమతి తీసుకోవాలనే షరతు కురియన్ పెట్టలేదు. ఆయన పెట్టి ఉంటే వార్త పాతబడ్డాక హోర్డింగ్ ఎక్కేది. ఇవాళ ట్రెండింగ్ పోస్టులు పెట్టే కంపెనీలు దెబ్బతినేది ఇక్కడే: డిజైన్ ముగ్గురి చేతులు మారి, నాలుగో రోజుకి బయటికొస్తుంది.

డబ్బు లెక్క కూడా రైతుకిచ్చిన ఆ మాట నుంచే వచ్చింది. ప్రకటనల ఖర్చు అమ్మకాల్లో దాదాపు 1 శాతం. కొనేవాళ్లు పెట్టే రూపాయిలో 80 పైసల దాకా రైతుకి వెళ్తుందని సంస్థ చెబుతుంది. అంత తక్కువలో సరిపెట్టాలంటే పది పేర్లు పెంచలేరు. 1973లో రాష్ట్ర స్థాయి సమాఖ్య పెట్టి, జిల్లా యూనియన్లన్నీ ఒకే పేరు కింద అమ్మడం మొదలుపెట్టాయి. దాంతో వెన్న హోర్డింగ్ చూసినవాళ్లకి ఐస్‌క్రీమ్ డబ్బా మీద పేరు కొత్తగా అనిపించదు.

మరి మీరు ఆవకాయ అమ్ముతున్నారు అనుకుందాం. "నాణ్యతే మా ధ్యేయం" అని రాసుకుంటే దానివల్ల ఏ నిర్ణయమూ మారదు. "మా మండలం రైతుల మిరపకాయలు కల్లంలోనే కొంటాం, ఆ కారంతోనే పచ్చడి పెడతాం" అని రాసుకోండి. కారం సరిపోకపోతే పెళ్లిళ్ల ఆర్డర్ వదులుకోవాల్సి వస్తుంది. కనీసం ఒక్క ఆర్డర్‌కైనా వద్దని చెప్పించగలిగితే అది పనికొచ్చే వాక్యం.

తర్వాత సీసా లెక్క వేయండి. ఉదాహరణకి ధర 200. సరుకు 110, సీసా, లేబుల్, అట్టపెట్టె 25, దుకాణదారుడికి 40. మిగిలింది 25. రవాణా, అద్దె, ప్రకటన, లాభం అన్నీ అందులోంచే. పండక్కి 20 శాతం తగ్గిస్తే పోయేది 40. అంటే సీసాకి 15 రూపాయలు చేతి నుంచి పెట్టాలి. ఆ 15 పూడ్చడానికి మొదట నూనె మారుతుంది, తర్వాత కారం. పాత కొనుగోలుదారులకి మొదటి ముద్దకే తెలిసిపోతుంది. డిస్కౌంట్ బదులు చిన్న సీసా తీసుకురండి, కారం మాత్రం ముట్టుకోవద్దు.

ఇక రంగు, బొమ్మ, అక్షరాల తీరు, మాట తీరు. ఈ నాలుగూ మూడేళ్లు కదపకండి. మొదట విసుగొచ్చేది మీకే, ఎందుకంటే రోజూ చూసేది మీరు. కొనేవాళ్లకి అప్పుడప్పుడే అలవాటవుతూ ఉంటుంది. చూసుకోవాలంటే మీ చివరి 12 పోస్టులు ప్రింట్ తీసి, పేరున్న చోట కాగితం అంటించి, మీ పచ్చడి రెండుసార్లు కొన్నవాళ్లకి చూపించండి. సగమైనా గుర్తుపట్టకపోతే కొత్త ప్రకటన ఆపేయండి, ముందు ఆ నాలుగిట్లో ఏది మాటిమాటికీ మారుతోందో వెతకండి.