ఏబీఎస్ లైటు ఆరడం లేదా? మాడ్యూల్ మార్చే ముందు ఈ రివ్యూ చూడండి

నమస్తే అండీ. డ్యాష్‌బోర్డులో ఈ పసుపు లైటు చూడండి, గుండ్రటి బొమ్మ మధ్యలో ఏబీఎస్ అని ఉంటుంది. గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు లాక్ అవకుండా చూసే సిస్టమ్ అది. ఇది వెలిగి ఆరకపోతే మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. కారు షెడ్డుకు వెళ్తుంది. "సెన్సర్ పోయింది సార్" అంటారు, మారుస్తారు. లైటు కొన్నాళ్లు ఆరి మళ్లీ వెలుగుతుంది. ఈసారి "మాడ్యూల్ పోయింది సార్" అంటారు. మాడ్యూల్ అంటే ఏబీఎస్‌ను నడిపే కంప్యూటర్. నాకు ఈ పద్ధతి అస్సలు నచ్చదు. ఎందుకంటే ఏబీఎస్ తనలో లోపం ఎక్కడ వచ్చిందో తనే రాసి పెట్టుకుంటుంది. ఆ రాసింది చదవకుండా పార్టులు మార్చడం అంటే కస్టమర్ డబ్బుతో ఊహలు చేయడమే.

అందుకే ఈ రోజు రెండు పరికరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే బ్లూటూత్ డాంగిల్, ఈఎల్ఎం 327 అని అమ్ముతారు. రెండోది ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ నాలుగూ చదివే హ్యాండ్ స్కానర్. ఇది వేలల్లో ఉంటుంది. ఎవరి ప్రమోషనూ కాదు. నేను పోలుస్తున్నది కంపెనీలను కాదు, ఈ రెండు రకాలను. అందుకే బ్రాండ్ పేర్లు చెప్పడం లేదు.

కారు మా తమ్ముడిది, 2019 మోడల్ హ్యాచ్‌బ్యాక్. లైటు కొన్నిసార్లు వెలుగుతుంది, కొన్నిసార్లు వెలగదు. వాడు వెళ్లిన చోట మాడ్యూల్ మార్చాలి, 30,000 పైనే అవుతుందన్నారు. స్కానర్ పెట్టారా అని అడిగితే లేదన్నాడు. సరే, ముందు కారు ఇటు తీసుకురమ్మన్నాను.

పరికరాల్లోకి వెళ్లే ముందు ఒక్క విషయం, ఇది మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ అవకుండా ఆపే పని మాత్రం ఆగిపోతుంది. వాన రోడ్డు మీద కారు జారే ప్రమాదం ఉంది కాబట్టి దూరం పాటిస్తూ నెమ్మదిగా షెడ్డుదాకా వెళ్లొచ్చు. కానీ పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే సంగతి వేరు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూడండి, బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ ఎంత ఉందో చూడండి. రెండూ సరిగ్గానే ఉన్నా లైట్లు ఆరకపోతే, ముందు చక్రాలకు, వెనక చక్రాలకు బ్రేక్ బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ కారు నడపకండి, టోయింగ్ బండిని పిలవండి.

ఇక ఏబీఎస్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. 1978లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో తెచ్చింది. ఇప్పటికీ మూల సూత్రం అదే. ప్రతి చక్రం దగ్గర ఒక స్పీడ్ సెన్సర్ ఉంటుంది. నాలుగు చక్రాల వేగాన్నీ మాడ్యూల్ చూస్తూ ఉంటుంది. బ్రేక్ తొక్కినప్పుడు ఒక చక్రం మిగతావాటి కంటే హఠాత్తుగా నెమ్మదిస్తే, అది లాక్ కాబోతోందని అర్థం చేసుకుని ఆ చక్రానికి వెళ్లే ఆయిల్ ప్రెషర్ తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. పెడల్ కింద మనకు తెలిసే ఆ గడగడ అదే. అంటే ఈ సిస్టమ్ మొత్తం ఆ నాలుగు వేగాల మీదే ఆధారపడి ఉంది. చక్రం దగ్గరేమో బురద, నీళ్లు, వేడి, అదురు. మాడ్యూల్ మాత్రం బానెట్ కింద కాస్త భద్రంగా కూర్చుంటుంది. ముందు ఎక్కడ వెతకాలో మీరే చెప్పండి.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా అమ్ముడవుతున్నాయి. ఈ లైటు గురించి నన్ను అడిగేవాళ్లు పెరగడానికి కారణం అదే అనుకుంటున్నాను.

ముందు డాంగిల్. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో పెట్టాను. ఇగ్నిషన్ ఆన్ చేశాను, ఫోన్‌తో కలిపాను. మామూలు ఫ్రీ యాప్ తెరిచి లోపాల కోడ్లు చదవమన్నాను. స్క్రీన్ మీద చూడండి, లోపాలేవీ లేవు అంటోంది. పక్కనే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంది.

డాంగిల్ పాడైందని అనుకోకండి. కారు తన లోపాలను బయటికి చెప్పే ఓబీడీ 2 స్టాండర్డ్‌లో అన్ని కార్లకూ ఒకేలా ఉండేది ప్రధానంగా పొగకు, ఇంజిన్‌కు సంబంధించిన భాగం. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు అవి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ కోడ్లు సీ తో మొదలవుతాయి. బాడీవి బీ, మాడ్యూళ్ల మధ్య కమ్యూనికేషన్‌వి యూ. ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడాలంటే ఆ కారు కంపెనీ పద్ధతిలో మాట్లాడాలి. మామూలు యాప్‌కు అది రాదు. కాబట్టి ఇంజిన్ లైటు కోసమైతే ఈ డాంగిల్ కొనండి, డబ్బుకు తగిన వస్తువే. ఏబీఎస్ కోసం మాత్రం వద్దు. ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఫోర్డ్ కార్లకు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, సరైన అడాప్టర్ ఉంటే అది ఏబీఎస్ మాడ్యూల్‌ను కూడా చదువుతుంది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించాక ఆ కార్ల ఓనర్లు పడుతున్న టెన్షన్ నాకు తెలుసు. మీకు ఇది నిజంగా పనికొస్తుంది.

ఇప్పుడు స్కానర్. అదే సాకెట్. మెనూలో కంపెనీ, మోడల్ ఎంచుకుని ఏబీఎస్‌లోకి వెళ్లాను. కోడ్ వచ్చింది, సీ 0035. అంటే ఎడమ వైపు ముందు చక్రం స్పీడ్ సెన్సర్. కుడి ముందుకి 0040, ఎడమ వెనకకి 0045, కుడి వెనకకి 0050. ఇవి చాలా కార్లలో కనిపించే కోడ్లు, కొన్ని కంపెనీలు మాత్రం తమ సొంత నంబర్లు వాడతాయి. ఏ కోడ్ వచ్చినా ముందు ఫోటో తీసి పెట్టుకోండి. చెరిపేశాక మళ్లీ రావాలంటే ఫాల్ట్ మళ్లీ రావాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కోడ్‌లో సెన్సర్ అని ఉంది కాబట్టి సెన్సర్ మార్చేస్తారు. ఆ కోడ్‌కు అర్థం సెన్సర్ పోయిందని కాదు, ఆ చక్రం నుంచి సిగ్నల్ సరిగ్గా రావడం లేదని. సెన్సర్ కావచ్చు, వైరు కావచ్చు, కనెక్టర్‌లో తుప్పు కావచ్చు, సెన్సర్ చదివే బేరింగ్‌లోని రింగు కావచ్చు. తేల్చేది లైవ్ డేటా, అంటే కారు నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు. స్కానర్ కొనేటప్పుడు ఏబీఎస్ కోడ్ చదువుతుందా అని మాత్రమే కాదు, ఏబీఎస్ లైవ్ డేటా చూపిస్తుందా అని కూడా అడగండి. అది చూపించని స్కానర్‌కు నేను డబ్బు పెట్టను.

ఖాళీ రోడ్డు మీదకు తీసుకెళ్లాం. తమ్ముడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో స్కానర్ పట్టుకున్నాను. నడుపుతూ స్క్రీన్ చూడొద్దు, ఇద్దరు ఉండాల్సిందే. నాలుగు చక్రాల వేగాలు చూడండి. 24, 24, 24, 24. నేరుగా వెళ్తున్నంతసేపూ నాలుగూ కలిసే ఉన్నాయి. సెన్సర్ చచ్చిపోయి ఉంటే ఇలా రాదు. ఇప్పుడు కుడికి మలుపు తిప్పుతున్నాడు. చూడండి, ఎడమ ముందు చక్రం ఒక్కసారిగా 0. స్టీరింగ్ నేరుగా వచ్చింది, మళ్లీ 20. మలుపులో చక్రాల వేగాల్లో కొద్దిగా తేడా ఉండటం మామూలే, బయటి వైపు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి కదా. కానీ నడుస్తున్న కారులో సున్నా రావడం మామూలు కాదు. స్టీరింగ్ తిప్పినప్పుడే సిగ్నల్ పోతోందంటే, స్టీరింగ్‌తో పాటు వంగే వైరును అనుమానించాలి.

ఇంటికొచ్చి జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం విప్పాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టకండి. కెమెరా దగ్గరగా తెస్తున్నాను. సెన్సర్ వైరు షాక్ అబ్జార్బర్‌కు బిగించిన క్లిప్పులోంచి వెళ్తుంది. ఆ క్లిప్పులో ఉండాల్సిన రబ్బరు బయటకు జారింది. వైరు అంచుకు రాసుకుని పై తొడుగు చిట్లింది. ఇలా కొద్దిగా వంచితే లోపల రాగి తీగ ఆకుపచ్చగా పొడిపొడిగా కనిపిస్తోంది, చూశారా. నీళ్లు దిగాయి. రెండు మూడు పోగులే మిగిలాయి. నేరుగా ఉన్నప్పుడు అవి తగులుతున్నాయి, వంగితే విడిపోతున్నాయి. మాడ్యూల్‌లో ఏ లోపమూ లేదు.

ఇలాంటి చోట మల్టీమీటర్ కూడా మోసం చేస్తుంది. ఒక్క పోగు మిగిలినా, వైరు తెగిందో లేదో చూసే కంటిన్యుటీ టెస్ట్‌లో బీప్ వస్తుంది. కాబట్టి వైరును వంచుతూ, తిప్పుతూ కొలవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. పాత రకం సెన్సర్‌లో తీగచుట్ట ఉంటుంది, దాని రెసిస్టెన్స్ కొలిస్తే ఏదో ఒకటి తెలుస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది యాక్టివ్ సెన్సర్. దానికి మాడ్యూలే కరెంటు ఇస్తుంది, చక్రం తిరుగుతుంటే అది లాగే కరెంటు సుమారు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ ఉంటుంది. దాని మీద ఓమ్స్ కొలిచి బాగుంది, పోయింది అని చెప్పలేం, పైగా సెన్సర్ పాడయ్యే అవకాశం ఉంది. కనెక్టర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు వైపు నుంచి దాదాపు బ్యాటరీ వోల్టేజీ వస్తోందో లేదో చూడటం సరైన పద్ధతి.

ఈ కారుకు సెన్సర్, వైరు కలిపి ఒకే పార్టుగా వస్తాయి. కదిలే చోట వైరు అతికిస్తే ఎక్కువ కాలం ఉండదు, అందుకే కొత్తదే వేయించాం. రబ్బరు కూడా కొత్తది పెట్టి క్లిప్పు సరిచేశాం. మాడ్యూల్‌కు చెప్పిన ధరలో పదో వంతు కూడా అవలేదు. స్కానర్‌తో కోడ్ చెరిపి, మళ్లీ అదే మలుపు తిప్పి చూశాం, నాలుగు వేగాలూ నిలబడ్డాయి. కొన్ని కార్లలో కోడ్ చెరిపినా కొంత దూరం నడిపితేగాని లైటు ఆరదు, కంగారు పడకండి.

అన్ని కార్లకూ ఇదే కారణం ఉండదు కాబట్టి, స్కానర్‌లో ఇంకెలాంటివి కనిపిస్తాయో చెప్తాను. వీల్ బేరింగ్ మార్చిన వెంటనే లైటు వచ్చి, ఆ చక్రం వేగం ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంటే బేరింగ్ తిరగేసి బిగించి ఉండొచ్చు. ఇప్పటి బేరింగ్‌లలో చాలావాటికి ఒక వైపు అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపే ఉండాలి. బిగించే ముందు చిన్న పేపర్ క్లిప్పు దగ్గర పెడితే ఏ వైపు లాగుతుందో తెలిసిపోతుంది. బలమైన అయస్కాంతాన్ని మాత్రం దాని దగ్గరికి తేకండి. ఒక చక్రం వేగం మిగతావాటి కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉంటే టైరు సైజు చూడండి. చిన్న సైజు స్టెప్నీ వేసుకుని దూరం తిరిగినా ఇలా అవుతుంది.

లైటు రాకుండానే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. కారు ఆగబోతూ, గంటకు పది కిలోమీటర్ల లోపు, పొడి రోడ్డు మీద మామూలుగా తొక్కినా పెడల్ గడగడలాడుతుంది. అయస్కాంతపు రింగుకు బదులు పళ్ల రింగు ఉన్న కార్లలో ఆ రింగు పగిలినా, తుప్పు పట్టి ఉబ్బినా ఇలా జరుగుతుంది. నెమ్మదిగా ఆపుతూ లైవ్ డేటా చూస్తే ఒక చక్రం మిగతావాటికంటే ముందే సున్నాకు పడిపోతుంది. దీన్ని బ్రేక్ ప్యాడ్ల సమస్య అనుకుని ప్యాడ్లు మార్చేస్తుంటారు.

నాలుగు చక్రాల కోడ్లూ ఒకేసారి వస్తే చక్రాల దగ్గరికి వెళ్లకండి. బ్యాటరీ వోల్టేజీ, ఏబీఎస్ ఫ్యూజులు, ఎర్త్ వైరు, మాడ్యూల్ కనెక్టర్ ముందు చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు మన ఊళ్లలో ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు, ఎర్త్ సరిగ్గా ఉండి కూడా పంపు మోటార్ కోడ్ వస్తుంటే, లేదా మాడ్యూల్ స్కానర్‌కు పలకకపోతే, అప్పుడు మాడ్యూల్‌ను అనుమానించండి. అప్పుడు కూడా కొత్తది కొనే ముందు బాగుచేసేవాళ్లను అడగండి.

ఈ స్కానర్‌లో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడదు. ఏబీఎస్ యూనిట్ విప్పాక లోపల ఇరుక్కున్న గాలి తీయడానికి కొన్ని కార్లలో పంపును స్కానర్‌తో నడపాలి, ఇందులో ఆ పని అన్ని మోడళ్లకూ లేదు. విదేశీ మోడళ్ల లిస్టు చాలా పొడుగ్గా ఉంటుంది, మన దగ్గర అమ్మే చిన్న కార్లు అందులో ఉన్నాయో లేదో కొనే ముందే చూసుకోండి. ఒక్క కారు ఉన్నవాళ్లకు ఇది కొనమని నేను చెప్పను. స్కాన్ చేసి ఆ స్క్రీన్ మీకు చూపించే షెడ్డును వెతుక్కోండి, ఆ డబ్బు చాలు. చిన్న షెడ్డు నడిపేవాళ్లు, సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్మేవాళ్లు మాత్రం కచ్చితంగా తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నవాళ్లు ఇంకొకటి గమనించండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగనే లేదంటే లోపం కనబడకుండా ఎవరో ఆ లైటును తీసేసి ఉండొచ్చు. అక్కడ స్కానర్ పెట్టించాల్సిందే.

మీ కారులో ఏ కోడ్ వచ్చిందో, మోడల్, తయారైన సంవత్సరంతో పాటు కింద రాయండి. లైటు ఎప్పుడు వెలుగుతోంది, మలుపులోనా, వానలోనా, స్టార్ట్ చేయగానేనా, అది కూడా రాస్తే ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్తాను. ఉంటానండీ.