పైముద్ర కొట్టిన నాణేలకు విలువ ఉంటుందా?

(తెరపై: నల్లటి గుడ్డ మీద ఒక రాగి నాణెం, దగ్గరి దృశ్యం)

నమస్కారం. మీరు చూస్తున్నది అమెరికా దేశపు ఒక సెంటు నాణెం. అమెరికాలో ఉంటున్న కుమారుడు తెచ్చిన చిల్లరలో ఇది దొరికిందని, దీనికి లక్షల్లో ధర పలుకుతుందని ఎవరో చెప్పారని, అందులో నిజమెంతో తేల్చమని కావలి నుంచి ఒక పెద్దాయన దీన్ని మాకు పంపించారు. కుడివైపుకు చూస్తున్న లింకన్ బొమ్మ టంకశాలలో పడినదే. ఆయన ముఖానికి ఎదురుగా కందిగింజంత తల మరొకటి ఉంది చూడండి, అది కెన్నెడీది. తయారైన నాణెం మీద తరువాత ఇలా కొట్టిన ముద్రనే పైముద్ర అంటారు. 1963లో కెన్నెడీ హత్య జరిగిన తరువాత, ఆ ఇద్దరు అధ్యక్షుల జీవితాల్లో కాకతాళీయంగా కలిసిన సంగతులను ఒక అట్ట మీద అచ్చువేసి, దానికి ఇలాంటి నాణేన్ని అతికించి వినోద వస్తువుగా అమ్మేవారు.

(తెరపై: నాణెం వెనుక వైపు, భూతద్దం కింద)

ఇప్పుడు వెనుక వైపు చూద్దాం. కెన్నెడీ తల పడిన చోటుకు సరిగ్గా వెనుక, గీతలు అణిగి చదునుగా మారాయి. టంకశాలలో నాణేనికి రెండు వైపులా అచ్చు ఒకేసారి పడుతుంది కాబట్టి ఇలాంటి చదును రాదు. తయారైన నాణేన్ని గట్టి దిమ్మె మీద పెట్టి ఒక వైపు నుంచి దెబ్బ వేసినప్పుడే రెండో వైపు ఇలా నలిగిపోతుంది. అందువల్ల ఇది సేకరణకర్తలు ఎగబడి కొనే టంకశాల పొరపాటు కాదు. నోట్లో చుట్ట పెట్టుకున్న లింకన్, రాష్ట్రాల పటాల ఆకారాలు కొట్టిన సెంట్లు కూడా ఈ కోవలోనివే. లెక్కలేనన్నిగా తయారైన సరుకు, పైగా ముద్దర ఉన్నవాడు ఈరోజైనా కొట్టగలడు. సరదాపడిన వారు కొద్ది డాలర్లు ఇస్తారేమో కానీ లక్షల మాట ఒట్టిది.

అయితే పైముద్ర ఉన్న ప్రతి నాణేన్నీ ఇదే గాటన కట్టకూడదు. ఆ ముద్రను ఎవరు, ఏ అవసరం కోసం వేశారన్నదే ధరను నిర్ణయిస్తుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబి గ్రామంలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాట రాజు నహపానుడివి కాగా, వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరిగి కొట్టించాడు. ఓడిపోయిన రాజు ముఖం మీద గెలిచిన రాజు ఉజ్జయినీ చిహ్నం (కూడిక గుర్తు నాలుగు చివరలా వృత్తాలు) కనిపించే ఆ నాణెం, ఒక యుద్ధ ఫలితాన్ని చేతిలో పెట్టి చూపిస్తుంది. ఇంగ్లండులో 1797లో వెండి కొరత వచ్చినప్పుడు స్పెయిన్ డాలర్ల మీద మూడో జార్జి తలను చిన్న అండాకారంలో కొట్టి, నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలకు చలామణీలోకి వదిలారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 1903 నాటి పెన్నీ మీద, ఏడో ఎడ్వర్డు ముఖానికి అడ్డంగా, స్త్రీలకు ఓటు హక్కు కావాలన్న నినాదం ఒక్కొక్క అక్షరంగా సుత్తితో కొట్టి ఉంటుంది. ఇవన్నీ జనం చేతుల్లో తిరగడానికి పడిన ముద్రలే తప్ప కొనేవారిని ఆకర్షించడానికి పడినవి కావు.

మన దేశపు మొగలాయి రూపాయల మీద చిన్న పువ్వు, చుక్క, నెలవంక వంటి గుర్తులు కనిపిస్తాయి. అవి వెండి మంచిదో కాదో పరీక్షించిన షరాబులు వేసినవి. చరిత్రకు అవి సాక్ష్యాలే అయినా, రాజు పేరు చెదిరిపోయేలా పడితే మన మార్కెట్లో ధర తగ్గుతుంది. చైనా వర్తకులు గుర్తులు కొట్టిన వెండి డాలర్లకు మాత్రం ప్రత్యేకంగా సేకరించేవారున్నారు.

ముద్రలే కాదు, నగల కోసం వేసిన రంధ్రాలు, కొక్కేలు కూడా నాణెం రూపాన్ని మారుస్తాయి. మన నెల్లూరు సంగతికి వద్దాం. ఒక రైతు పొలం దున్నుతుండగా రోమను బంగారు నాణేలు దొరికాయని 1787 నాటి ఒక లేఖలో మద్రాసు అధికారి అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వివరించాడు. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్లు ఉన్నాయనీ, కొన్నిటికి మాత్రం రంధ్రాలు ఉండటం వల్ల ఆభరణాలుగా ధరించి ఉంటారనీ అందులో ఉంది. కాసుల పేరు మనకు కొత్త కాదు. మీ ఇంట్లో కొక్కెం అతికించిన విక్టోరియా రూపాయి ఉంటే, అరుదైన సంవత్సరానిది అయితే తప్ప, వెండి ధరకు మించి పెద్దగా ఆశించకండి. కొక్కెం పీకించి మెరుగు పెట్టించారంటే ఉన్న విలువ కూడా పోతుంది.

చలామణీలో ఉన్న రూపాయి మీద పేరో బొమ్మో కొట్టించాలని సరదాపడేవారు ఒక విషయం గమనించాలి. 2011 నాణేల చట్టం ప్రకారం రూపు చెడగొట్టిన నాణెం చెల్లుబాటు కోల్పోతుంది. ఇక పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమిషనో పన్నో ముందుగా కట్టమనే వారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తమ తరఫున అలా వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని అది స్పష్టం చేసింది. నిజంగా కొనదలచినవాడు నాణేన్ని చేతిలోకి తీసుకుని, తూచి, రెండు వైపులా చూసి ధర చెబుతాడు.