నాటకశాలలో ఒక కప్పు టీ

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మాయి వాళ్ళు ఇంగ్లండ్‌లో, లండన్‌కి ఆగ్నేయంగా ఉండే కెంట్ ప్రాంతంలో ఉంటారు. కిందటి వేసవిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఒక శనివారం పొద్దున్నే మా అల్లుడు "అత్తయ్యా, ఇవాళ మిమ్మల్ని ఒక పబ్‌కి తీసుకెళ్తాను, తయారవ్వండి" అన్నాడు. నాకు వెంటనే ఏమనాలో తెలియలేదు. అరవై దాటిన దాన్ని, తాగే అలవాటు ఇంట్లో ఎవరికీ లేదు. పబ్ అంటే నాకు తెలిసింది హైదరాబాదులో రాత్రిపూట చెవులు దిమ్మెత్తేలా పాటలు పెట్టే చోటు. నా మొహం చూసి మా అమ్మాయి, "అమ్మా, అక్కడ టీ కూడా ఇస్తారు. నీకు చూపించాల్సింది తాగుడు కాదు, ఆ బిల్డింగు. చూశాక నువ్వే చెప్పు" అంది. ఎనిమిదేళ్ళ మనవడు కూడా బూట్లు వేసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పిల్లవాణ్ణి కూడా రానిస్తారంటే మరీ భయపడాల్సిన చోటేమీ కాదులే అనుకుని బయల్దేరాను.

మేం వెళ్ళిన ఊరి పేరు రాయల్ టన్‌బ్రిడ్జ్ వెల్స్. లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం. 1606లో అక్కడ ఇనుము కలిసిన నీటి ఊట ఒకటి బయటపడింది. ఆ నీళ్ళు తాగితే జబ్బులు తగ్గుతాయని నమ్మి దొరలూ దొరసానులూ రావడం మొదలుపెట్టాక ఊరు పెరిగింది. ఊట ఇప్పటికీ ఉంది. ఊరి గురించి అంతకన్నా చెప్పను. నేను చెప్పాలనుకున్నది మౌంట్ ప్లెజెంట్ రోడ్డులో, ఏటవాలు వీధి మలుపులో, పచ్చటి గుమ్మటాలతో నిలబడి ఉన్న ఒక నాటకశాల గురించి.

దాని పేరు ఒపెరా హౌస్. ఒపెరా అంటే పాటలతోనే నడిచే నాటకం. ఆ హాలుని 1902లో కట్టారు. వెయ్యిమందికి పైగా కూర్చునే హాలు. 1930ల్లో సినిమా హాలయింది. 1960ల్లో సినిమాలు కూడా పోయి బింగో హాలయింది. బింగో అంటే మన తంబోలా లాంటి అంకెల ఆట, అక్కడ డబ్బు పెట్టి ఆడతారు. అదీ మూతపడ్డాక 1996లో వెదర్‌స్పూన్ అనే పెద్ద పబ్‌ల కంపెనీ దాన్ని తీసుకుని పబ్‌గా తెరిచింది.

ఇది వినగానే నా మనసు చివుక్కుమంది. ఎందుకో చెప్పాలి. మా నాన్నగారు హార్మోనిస్టు. పౌరాణిక నాటకాలకి వాయించేవారు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో నాటకాల హాలు ఒకటి ఉండేది. స్టేజి పక్కన వింగులో, నాన్నగారి హార్మోనియం పెట్టె వెనకాల కూర్చుని నేను నిద్రపోయిన రాత్రులు లెక్కలేనన్ని. పద్యం బాగా కుదిరితే నేల టికెట్టు వాళ్ళు "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. చచ్చిపడి ఉన్న పాత్ర కూడా లేచి ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోయేది. తర్వాత ఆ హాల్లో సినిమాలు ఆడించారు. ఆ తర్వాత ధాన్యం బస్తాలు వేశారు. పైకప్పు రేకులు ఊడిపోయి చాలాకాలం అలాగే ఉండిపోయింది. చివరికి ఒకరోజు పొక్లెయిన్ వచ్చింది. ఇప్పుడక్కడ దుకాణాల సముదాయం ఉంది. ఆ చోట ఒక నాటకశాల ఉండేదని చెప్పే చిన్న పలక కూడా లేదు.

అందుకే నాటకశాలని తీసుకెళ్ళి పబ్ చేశారంటే నాకు బాధేసింది. ఆ బాధతోనే తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాను.

శ్రోతలారా, లోపల నాలుగడుగులు వేసి ఆగిపోయాను. నాటకశాల నాటకశాలగానే ఉంది. ఎదురుగా స్టేజికి బంగారు రంగు పూసిన పెద్ద కమాను. దానికి అటూ ఇటూ డబ్బున్నవాళ్ళు కూర్చునే బాక్సులు, వాటి అంచుల్లో సున్నంతో తీర్చిన పూలూ తీగలూ. తల ఎత్తి వెనక్కి తిరిగితే వంపు తిరిగిన బాల్కనీ. పైన గుమ్మటంలా లోతుగా వెళ్ళిన కప్పు. కుర్చీల వరసలు ఉండాల్సిన చోట బల్లలు వేశారు, కింద పూల తివాచీ పరిచారు. మారింది అంతే. నాకైతే ఎవరో వచ్చి మూడో గంట కొడతారనీ, తెర లేస్తుందనీ అనిపించింది.

అప్పటికి పొద్దున తొమ్మిది దాటింది. ఆ వేళకి పబ్‌లో ఎవరుంటారు అనుకున్నాను. పింఛను తీసుకునే వయసు దంపతులు గుడ్లూ రొట్టే తింటూ పేపరు చదువుకుంటున్నారు. ఒక తల్లి చంటిపిల్ల బండిని బల్ల పక్కన నిలిపి కాఫీ తాగుతోంది. రోడ్డు పని చేసేవాళ్ళు కాబోలు, మెరిసే పసుపు కోట్లు వేసుకున్న నలుగురు కడుపునిండా టిఫిన్ చేస్తున్నారు. సీసా ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు నాకొక్కరూ కనబడలేదు. సాయంత్రం సంగతి వేరేలెండి. పబ్ అనే మాటే పబ్లిక్ హౌస్ అన్న మాటకి పొట్టి రూపం అని మా అల్లుడు చెప్పాడు. పదిమంది చేరే ఇల్లు అని. మన రచ్చబండ గుర్తొచ్చింది నాకు.

అక్కడ కూర్చున్న చోటికి సర్వరు వచ్చి ఏం కావాలని అడగడు. బల్ల మీద నంబరు ఉంటుంది. మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ నంబరు చెప్పి డబ్బు కట్టాలి, లేదా ఫోన్‌లో ఆప్ ద్వారా ఆర్డర్ పెట్టాలి. తినేవి బల్ల దగ్గరికి తెచ్చి ఇస్తారు. టీ, కాఫీలకైతే ఒక కప్పుకి డబ్బు కట్టి, మెషీన్ దగ్గర ఎన్నిసార్లయినా మనమే నింపుకోవచ్చు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. గంటన్నర కూర్చున్నాం. మీ పని అయిందా అని ఎవరూ అడగలేదు, ఎవరూ వచ్చి బల్ల తుడుస్తూ మా మొహం చూడలేదు.

ఇంకొకటి, అక్కడ పాటలు పెట్టరు. ఆ కంపెనీ పబ్‌లలో ఎక్కువ చోట్ల అదే పద్ధతట. మాటలూ, చెంచాల చప్పుడూ తప్ప ఏమీ లేదు. అది గమనించాక నాకొక కోరిక పుట్టింది. హాలు కట్టిన మేస్త్రీ పనితనం గొంతు విప్పితేనే తెలుస్తుందని నాన్నగారు అనేవారు. ఏ ఊళ్ళో ఏ హాలుకి వెళ్ళినా ముందు స్టేజి ముందు నిలబడి "సా" పట్టి చూసేవారు. నేను కప్పు చేత్తో పట్టుకుని ఆ కమాను ముందుకి వెళ్ళి, పక్కవాళ్ళకి ఇబ్బంది కలగనంత మెల్లగా, మోహన రాగం రెండు పలుకులు తీశాను. కింద అంతమంది మాటల్లో కూడా ఆ స్వరం పైకి వెళ్ళి, బాల్కనీని తాకి, గుండ్రంగా తిరిగొచ్చింది. నూట ఇరవై ఏళ్ళ హాలు ఇంకా పాట వింటోంది. నా కళ్ళు చెమర్చాయి. మనవడు పరిగెత్తుకుంటూ వచ్చి "ఏమైంది అమ్మమ్మా" అన్నాడు. "మా నాన్న గుర్తొచ్చారురా" అన్నాను.

ఇంతకీ ఈ కంపెనీ సంగతి. టిమ్ మార్టిన్ అనే ఆయన 1979లో ఉత్తర లండన్‌లోని మజ్‌వెల్ హిల్‌లో ఒక చిన్న పబ్‌తో మొదలుపెట్టాడు. న్యూజీలాండ్‌లో చదువుకున్నప్పుడు తనకి పాఠం చెప్పిన ఒక టీచరు పేరే కంపెనీకి పెట్టుకున్నాడట. ఇప్పుడు దేశమంతా కలిపి సుమారు 800 పబ్‌లున్నాయి. వాటిలో చాలా భాగం పాత కట్టడాల్లోనే ఉన్నాయి. గ్లాస్గోలో ఒక పాత బ్యాంకు. ఎడిన్‌బరాలో 1923 నాటి సినిమా హాలు. హారొగేట్‌లో ఒకప్పటి వింటర్ గార్డెన్స్, అంటే చలికాలంలో జనం షికారుకి చేరే పెద్ద హాలు. రామ్స్‌గేట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న రాయల్ విక్టోరియా పెవిలియన్ అయితే కచేరీల కోసం కట్టిన హాలు, తర్వాత క్యాసినో అయింది, 2008లో మూతపడింది. తొమ్మిదేళ్ళు ఖాళీగా పడి ఉన్న దాన్ని 2017లో పబ్‌గా తెరిచారు. ఈ కంపెనీ పబ్‌లన్నిటిలోకీ అదే పెద్దదట.

ఎందుకిలా పాత కట్టడాలు తీసుకుంటారంటే, దాని లెక్క దానికుంది. సినిమా హాళ్ళు మూతపడ్డాయి, బ్యాంకులు పెద్ద పెద్ద హాళ్ళు ఖాళీ చేశాయి. అంత పెద్ద చోటు బట్టల కొట్టుకి అక్కర్లేదు, ఇల్లు కట్టుకోవడానికి పనికిరాదు. తక్కువ ధరకి ఎక్కువమందికి అమ్మే వ్యాపారానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. అంటే ఇది దానధర్మం కాదు, వ్యాపారమే. కానీ ఆ వ్యాపారం తన ఇష్టం వచ్చినట్టు పగలగొట్టుకోవడానికి అక్కడ చట్టం ఒప్పుకోదు. ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాల జాబితా ఉంది. మూడున్నర లక్షలకు పైగా కట్టడాలు అందులో ఉన్నాయి. ఈ ఒపెరా హౌస్ కూడా రెండో గ్రేడు కింద ఆ జాబితాలో ఉంది. జాబితాలోకి ఎక్కిన కట్టడాన్ని కూల్చాలన్నా, దాని రూపం మారేలా లోపల ఏదైనా తీసేయాలన్నా స్థానిక అధికారుల అనుమతి ఉండాలి. లేకుండా చేస్తే అది నేరం. నేను చూసిన ఆ బాక్సులూ ఆ పూలూ మిగిలింది కంపెనీ మంచితనం ఒక్కదానివల్లే కాదు, ఈ చట్టంవల్ల కూడా.

గోడల మీద ఆ ఊరి చరిత్ర, ఆ హాలు చరిత్ర రాసిన బొమ్మల పలకలు పెట్టారు. తివాచీ కూడా ఒక్కో పబ్‌కి ఒక్కో డిజైన్‌లో నేయిస్తారట. మా అమ్మాయి కింద చూపించి "దీనిలాంటిది ఇంకో పబ్‌లో ఉండదమ్మా" అంది. మనం కాలు పెట్టి తొక్కే వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టారంటే నాకు గౌరవం కలిగింది.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చున్నారు. ఎనభై ఉంటాయి. నేను పైకి అదేపనిగా చూస్తుంటే ఆయనే పలకరించారు. మా అల్లుడు నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. ఆయన చిన్నప్పుడు ఇక్కడే, ఆ బాల్కనీలో కూర్చుని సినిమాలు చూశారట. తర్వాత వాళ్ళమ్మ ఇక్కడికి బింగో ఆడటానికి వచ్చేదట. ఇప్పుడాయన వారానికి రెండుసార్లు టిఫిన్‌కి వస్తారు. "బింగో హాలు మూతపడినప్పుడు ఇక దీని పని అయిపోయిందనుకున్నాను" అన్నారు. పబ్ అవడం మీకు నచ్చిందా అని అడిగించాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాటకం ఉంటే ఇంకా బాగుండేది. కానీ తలుపు తెరిచి ఉంది కదా" అన్నారు.

అది నాకు సబబుగా తోచింది. అన్నీ బాగున్నాయని నేను చెప్పను. ఇంత పెద్ద కంపెనీ చవగ్గా అమ్ముతుంటే వీధి చివర చిన్న పబ్ నడుపుకునే కుటుంబాలు తట్టుకోలేకపోతున్నాయని అక్కడ చాలామంది అంటారు. ఆ మాటలో నిజముంది. బంగారు కమాను కింద వేయించిన బంగాళాదుంపల వాసన వస్తుంటే నాలాంటి వాళ్ళకి మింగుడుపడటం కూడా కష్టమే. అయితే ఈ హాల్లో అప్పుడప్పుడు బల్లలు తీసేసి మళ్ళీ ఒపెరా వేస్తారని మా అమ్మాయి చెప్పింది. గోడలూ స్టేజీ ఉంచారు కాబట్టే అది సాధ్యమైంది. మా ఊరి హాలుకి ఆ అవకాశం లేదు. బస్తాలు వేసినన్నాళ్ళూ ఉండేది, ఎవరైనా తల్చుకుంటే బస్తాలు తీసేసి ఒక రాత్రి పద్యం పాడించగలిగేవాళ్ళు.

మన దగ్గర నిలబెట్టుకున్నవి లేకపోలేదు. హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ ఎన్నో ఏళ్ళు మూసి ఉండి, 2010లో హోటల్‌గా తెరుచుకుంది. ఎంతో శ్రద్ధగా బాగుచేశారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఫలక్‌నుమా బస్తీలో ఉండే మనిషి పొద్దున్నే పేపరు పట్టుకుని అక్కడికి వెళ్ళి టీ తాగలేడు. టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో ఆ పెద్దాయన తాగుతున్నారు. రెండిటికీ ఉన్న ఈ తేడాయే నన్ను ఇవాళ మీ ముందు మాట్లాడించింది. మన ఊళ్ళలో తాళాలు పడి ఉన్న టాకీసులు ఎన్నో ఉన్నాయి. వాటిని పబ్‌లు చేయమని నేననడం లేదు. ఒక మంచి టిఫిన్ హోటలు పెట్టవచ్చు, లైబ్రరీ పెట్టవచ్చు, పిల్లలకి సంగీతం నేర్పే క్లాసులు పెట్టవచ్చు. స్టేజిని మాత్రం పగలగొట్టకండి. బాల్కనీ ఉంచండి. టికెట్ల కిటికీ మీద "నేల", "బెంచి", "కుర్చీ" అని రాసిన అక్షరాలు చెరపకండి. ఈ మాట వింటున్నవాళ్ళలో అలాంటి హాలు చేతిలో ఉన్నవాళ్ళు ఒక్కరున్నా, వాళ్ళని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మీ పిల్లలెవరైనా ఆ వైపు ఉంటే, మీరెప్పుడైనా వెళ్తే, పొద్దున పూట వెళ్ళండి. రైలు స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. స్టేజికి ఎదురుగా, మరీ దగ్గరగా కాకుండా మధ్యలో ఉన్న బల్ల చూసుకోండి. అక్కడి నుంచైతే కమానూ, రెండు పక్కల బాక్సులూ, పైన కప్పూ ఒకేసారి కనిపిస్తాయి. మీ టీ మీరే నింపుకోవాలని మర్చిపోకండి, పాలు పక్కనే ఉంటాయి.

సెలవు. నమస్కారం.